అడుగున మోగే తీగ

2024 డిసెంబరు 19వ తేదీ రాత్రి లండన్‌లోని ఓ2 అరీనాలో ఒక పాత గిటార్‌ను చూసి వేలమంది కేరింతలు కొట్టారు. దాన్ని మెడలో వేసుకుని నిలబడింది 82 ఏళ్ళ పాల్ మెకార్ట్నీ. 1960లలో ప్రపంచమంతటా పేరు మోగిన బీటిల్స్ బృందంలో పాడుతూ బేస్ గిటార్ వాయించింది ఆయనే. కుర్రతనంలో కొనుక్కున్న ఆ గిటార్‌ను ఎవరో దొంగిలించుకుపోయారు. యాభై ఏళ్ళ పైచిలుకు తర్వాత అది మళ్ళీ వేదిక ఎక్కింది ఆ రాత్రే.

బేస్ వాయించడంలో తనకు ఆదర్శం ఎవరని అడిగినప్పుడు ఈ మెకార్ట్నీయే ఒక పేరు చెబుతూ వచ్చారు. ఆ పేరు జేమ్స్ జేమర్సన్. ఆయనకూ ప్రాణంలా చూసుకున్న ఒక బేస్ గిటార్ ఉండేది. దాన్నీ దొంగలు ఎత్తుకుపోయారు. అది ఈనాటికీ దొరకలేదు. ఆయన వాయించిన పాటలు కోట్లమంది విన్నారు. వాయించినవాడి పేరు మాత్రం ఆయన బతికున్నంతకాలం సంగీతకారులకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు.

ఈ రెండు గిటార్ల కథ మన సంఘాలకు ఎందుకు అని అడగవచ్చు. ఆదివారం ఆరాధనలో డ్రమ్స్ పక్కన, కీబోర్డు వెనక, గోడకు ఆనుకున్నట్టు నిలబడి నాలుగు తీగల గిటార్ వాయించే తమ్ముడు ఇవాళ మన సంఘాల్లో చాలాచోట్ల ఉన్నాడు. పాడేవారి పేరు మనకు తెలుసు. కీబోర్డు వాయించేవారి పేరు తెలుసు. అతని పేరు ఎందరికి తెలుసు? ఈ కథ ఆ ప్రశ్న గురించే.

అడుగు స్వరం చేసే పని

బేస్ గిటార్‌కు మామూలుగా నాలుగే తీగలు. అవి మామూలు గిటార్ కన్నా ఒక స్థాయి కింద మోగుతాయి. అన్నిటికన్నా లావుపాటి తీగ సెకనుకు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. అంత మంద్రమైన ధ్వని చెవికి వినబడటం కన్నా గుండెల మీద తగిలినట్టు ఉంటుంది. సెల్‌ఫోన్‌లోని చిన్న స్పీకర్ దాన్ని సరిగా పలికించలేదు. అందుకే ఫోన్లో పాట వినేవారికి బేస్ ఉందన్న సంగతే చాలాసార్లు తెలియదు.

అయినా అది చేసే పని చిన్నది కాదు. తాళాన్నీ స్వరాన్నీ కలిపి పట్టుకునేది అదే. డ్రమ్స్ కాలాన్ని చెబుతాయి, కీబోర్డు స్వరాలను పరుస్తుంది. ఆ రెండింటినీ ఒకే అడుగులో నడిపించేది బేస్. మన తంబుర శ్రుతిలా ఇది ఒకే చోట నిలబడదు, పాటతోపాటు నడుస్తుంది. కీబోర్డు మీద అవే మూడు స్వరాలు పట్టి ఉంచి, కింద బేస్ స్వరం ఒక్కటి మార్చి చూడండి. సంతోషంగా ఉన్న చోట దిగులు పలుకుతుంది, ముగింపులా ఉన్న చోట ఎదురుచూపు మొదలవుతుంది. అది ఉన్నప్పుడు ఎవరూ గమనించరు. ఆగిపోయిన క్షణంలో మాత్రం పాట గాలిలో వేలాడుతున్నట్టు అందరికీ తెలిసిపోతుంది.

ఈ పని ఒకప్పుడు నిలువెత్తు డబుల్ బేస్ చేసేది. దాన్ని ఊరూరా మోసుకు తిరగడమే ఒక యాతన. బృందం పెద్దదైతే దాని గొంతు వినబడేదే కాదు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ భుజానికి తగిలించుకునే విద్యుత్ బేస్ గిటార్‌ను అమ్మకానికి తెచ్చారు. వీణకు ఉన్నట్టే దీనికీ మెట్లుంటాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుంది. అందుకే దానికి 'ప్రెసిషన్ బేస్' అని పేరు పెట్టారు.

ఎవరూ వద్దనుకున్న వాయిద్యం

బీటిల్స్‌లో మొదట బేస్ వాయించింది స్టువర్ట్ సట్‌క్లిఫ్ అనే చిత్రకళా విద్యార్థి. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో బృందం రాత్రుళ్ళు వాయిస్తున్న రోజుల్లో, బొమ్మలు వేసుకుంటానని అతను తప్పుకున్నాడు. మరి బేస్ ఎవరు తీసుకోవాలి? ఎవరికీ ఇష్టం లేదు. ముందు వరుసలో నిలబడి మామూలు గిటార్ వాయించాలనే అందరి కోరిక. బేస్ అంటే వెనక నిలబడే లావుపాటి కుర్రాడి పని అన్న చులకన ఆ రోజుల్లో ఉండేదని మెకార్ట్నీ చాలాసార్లు నవ్వుతూ చెప్పారు. చివరికి ఆ పని ఆయన మీదే పడింది.

ఫెండర్ గిటార్ అయితే దాదాపు 100 పౌండ్లు. అప్పు చేయడం ఆయనకు ఇష్టం లేదు. హాంబర్గ్ దుకాణంలో ఫిడేలు ఆకారంలో ఉన్న ఒక చిన్న బేస్ కనబడింది. వెల సుమారు 30 పౌండ్లు. తయారుచేసింది 1887 నుంచి తీగ వాద్యాలు చేస్తున్న హోఫ్నర్ అనే జర్మన్ సంస్థ. లోపల డొల్లగా ఉంటుంది కాబట్టి తేలిక. మెకార్ట్నీది ఎడమచేతి వాటం. రెండు పక్కలా ఒకేలా ఉండే ఆ ఆకారం ఎడమచేతి వైపు తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనబడదని ఆయనకు నచ్చింది. చవక అని, తిప్పి పట్టినా బాగుంటుందని కొన్న ఆ గిటార్‌తోనే బీటిల్స్ మొదటి రెండు ఆల్బమ్‌లు రికార్డయ్యాయి. 1963లో అలాంటిదే ఇంకొకటి ఆయన చేతికి వచ్చింది. పాతది తోడుగా ఉండిపోయింది.

అంతకుముందు జనం బేస్ వాయించేవాడి వైపు చూసేవారు కారు. ఫిడేలు ఆకారం చూసి చూడటం మొదలుపెట్టారు. పాట పేరు తెలియని పిల్లలు సైతం ఆ గిటార్ బొమ్మను గుర్తుపట్టే రోజులు వచ్చాయి. ఎవరూ వద్దనుకున్న వాయిద్యం బృందానికే గుర్తుగా మారింది.

డెట్రాయిట్‌లోని 'పాముల గుంట'

అవే సంవత్సరాల్లో, సముద్రానికి ఆవల అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీద ఒక మామూలు ఇల్లు ఉండేది. 1959లో బెర్రీ గోర్డీ దాన్ని కొని, వెనక గదిని రికార్డింగ్ స్టూడియోగా మార్చారు. అదే మోటౌన్ సంస్థ. ఆ గదిలో పైకప్పు నుంచి తీగలు పాముల్లా వేలాడుతుండేవి. అందుకే అక్కడ పనిచేసేవారు దాన్ని 'స్నేక్‌పిట్', అంటే పాముల గుంట అని పిలుచుకున్నారు. నల్లజాతి గాయకుల పాటలను అమెరికాలో నలుపు తెలుపు తేడా లేకుండా ఇంటింటికీ చేర్చింది ఆ గది.

గాయకుల పేర్లు లోకమంతా మారుమోగాయి. స్టీవీ వండర్, మార్విన్ గే, డయానా రాస్. వారి వెనక వాయించినవారు కొద్దిమంది. తమను తాము 'ఫంక్ బ్రదర్స్' అని పిలుచుకున్నారు. పగలు స్టూడియోలో, రాత్రి ఊళ్ళోని జాజ్ క్లబ్బుల్లో వాయించేవారు. వారిలో బేస్ గిటార్ పట్టినవాడు జేమ్స్ జేమర్సన్.

జేమర్సన్ 1936లో దక్షిణ కెరొలినా రాష్ట్రంలో పుట్టారు. పియానో వాయించే నాయనమ్మలాంటి పెద్దలు, చర్చి క్వయిర్‌లో పాడే బంధువులు ఉన్న ఇంట్లో పెరిగారు. చిన్నప్పుడు చీమల పుట్టలో కర్ర గుచ్చి, దానికి తీగ కట్టి మీటేవాడినని, చీమలను ఆడించాలని అలా చేశానని తర్వాత చెప్పుకున్నారు. ఆ రకంగా ఆయన మొదటి శ్రోతలు చీమలు! తల్లితో డెట్రాయిట్‌కు వచ్చాక హైస్కూల్లో డబుల్ బేస్ పట్టుకున్నారు. దాని మీద నేర్చిన చేతినే తర్వాత విద్యుత్ గిటార్‌కు తెచ్చారు.

ఆయన ఎక్కువకాలం వాయించింది 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్. దానికి 'ఫంక్ మెషీన్' అని ముద్దుపేరు. అంతకుముందున్న గిటార్లు కూడా దొంగల పాలైనందువల్ల దీని మీద మమకారం మరీ ఎక్కువ. తీగలు లావుపాటివి. తెగితే తప్ప మార్చేవారు కాదు. మురికి పట్టిన పాత తీగల్లోనే తన ధ్వని ఉందని నమ్మేవారు. బ్రిడ్జి మూత కింద ఒక నురుగు ముక్క పెట్టి ఉండేది. దానివల్ల స్వరం సాగకుండా, గుండె చప్పుడులా 'దబ్' మని మోగి ఆగేది. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవారు. ఆ వేలికి తోటివారు 'హుక్', అంటే కొక్కెం అని పేరు పెట్టారు.

బృందంలో ఇతరులకు ఆ గిటార్ ఒక వింత. తీగలు మెట్లకు చాలా ఎత్తులో ఉండేవి. ఇంకొకరు చేతిలోకి తీసుకుంటే వేళ్ళు నొప్పిపుట్టేవి తప్ప స్వరం వచ్చేది కాదు. చూడబోతే పనికిరాని గిటార్. ఆయన చేతిలోకి వెళ్ళగానే గదంతా దాని చుట్టూ కుదురుకునేది. డ్రమ్మర్ బెన్నీ బెంజమిన్ ఆయనా కలిస్తే మిగతావారికి దారి వెతుక్కోవలసిన అవసరం ఉండేది కాదు. సంగీత దర్శకులు కొన్నిసార్లు స్వరాల పేర్లు మాత్రమే కాగితం మీద రాసి ఇచ్చి, మిగతాది ఆయనకే వదిలేసేవారు.

1964 డిసెంబరులో విడుదలైన 'మై గర్ల్' పాట ఎలా మొదలవుతుందో వినండి. మొదట బేస్ ఒక్కటే గుండె కొట్టుకున్నట్టు మోగుతుంది. ఆ తర్వాతే రాబర్ట్ వైట్ గిటార్ దాని మీదికి ఎక్కుతుంది. గాయకుడు వచ్చేది చివర. 1966లో సుప్రీమ్స్ బృందం పాడిన 'యు కాంట్ హర్రీ లవ్' పాటకు మూలం డొరతీ లవ్ కోట్స్ పాడిన ఒక సువార్త గీతం. దేవుడు తొందరపడడు, ఆలస్యమూ చేయడు అన్న సాక్ష్యమే ఆ గీతం. చర్చిలో పుట్టిన ఆ నడకను రేడియోకు మోసుకొచ్చిన చేతుల్లో జేమర్సన్ చేయి ఒకటి.

పేరు లేని చెయ్యి

అమెరికాలో మొదటి స్థానానికి చేరిన మోటౌన్ పాటల్లో దాదాపు 30 పాటలకు జేమర్సన్ వాయించారని చెబుతారు. అయినా రికార్డు అట్ట మీద ఆయన పేరు ఉండేది కాదు. ఆయనదే కాదు, వాయించినవారెవరి పేరూ ఉండేది కాదు. పాట వినే కోట్లమందికి గాయకుడు మాత్రమే తెలుసు. తమ కాళ్ళను కదిలిస్తున్నది ఎవరి వేలో వారికి తెలియదు.

1971లో వచ్చిన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్‌ను మార్విన్ గే చేస్తున్నప్పుడు, శీర్షిక గీతానికి బేస్ జేమర్సనే వాయించాలని పట్టుబట్టి ఆయన్ను క్లబ్బుల్లో వెతికించారని అప్పటివారు చెప్పారు. తాగి ఉండటంవల్ల కూర్చోలేక నేల మీద వెల్లకిలా పడుకుని వాయించారని కూడా చెబుతారు. ఇంటికి వెళ్ళి ఇది ఒక మహత్తర కృతి అని భార్యతో అన్నారట. ఆ ఆల్బమ్ అట్ట మీద మోటౌన్ చరిత్రలో మొదటిసారిగా వాయిద్యకారుల పేర్లు అచ్చయ్యాయి. జేమర్సన్ పేరుకు 'సాటిలేని' అనే విశేషణం కూడా పెట్టారు. దశాబ్దానికి పైగా వాయించాక దక్కిన మొదటి అక్షరాలవి.

1972లో మోటౌన్ సంస్థ డెట్రాయిట్ వదిలి లాస్ ఏంజెలిస్ వెళ్ళిపోయింది. జేమర్సన్ కూడా తర్వాత అక్కడికి వెళ్ళారు. కాలం మారింది. కొత్త నిర్మాతలు కొత్త తీగలు, తళతళలాడే ధ్వని కావాలన్నారు. ఆయన తన పాత తీగలు వదలనన్నారు. పిలుపులు తగ్గాయి. తాగుడు పెరిగింది. ఆయన తాగుడును సంగీతం ఖాతాలో వేసి సమర్థించడం తగదు. అది ఆయన ఇంటిని, ఒంటిని రెండింటినీ తినేసింది. కానీ పనిలో ఉన్నంతకాలం ఆయన వేలు అందరికీ కావలసి వచ్చింది. మనిషి గురించి అడగవలసిన సమయంలో అడిగినవారు కొద్దిమందే.

1983 మార్చి 25న కాలిఫోర్నియాలోని పసడీనాలో మోటౌన్ సంస్థ 25 ఏళ్ళ పండుగ జరిగింది. ఆ పాటలు పాడినవారంతా వేదిక మీద వెలిగిపోయారు. టెలివిజన్‌లో దేశమంతా చూసింది. ఆ పాటల కింద పునాదిలా మోగిన జేమర్సన్‌కు వేదిక మీద చోటు లేదు. డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని, పైన బాల్కనీలో కూర్చుని చూశారని ఆయన జీవితకథ చెబుతుంది. తన స్వరాలను తానే జనంలో ఒకడిగా విన్నారన్నమాట.

కొద్ది నెలలకే ఆయన ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. మరణానికి కొద్దికాలం ముందే ఫంక్ మెషీన్‌ను ఎవరో దొంగిలించారు. 1983 ఆగస్టు 2న ఆయన కన్నుమూశారు. వయసు 47. డెట్రాయిట్‌లో ఖననం చేశారు. 1989లో ఆయన మీద పుస్తకం, 2002లో ఫంక్ బ్రదర్స్ మీద డాక్యుమెంటరీ చిత్రం వచ్చాయి. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ పక్కవాద్యకారులకంటూ ఒక విభాగం పెట్టి మొదటి జాబితాలోనే ఆయన్ను చేర్చింది. ఇవన్నీ వినడానికి ఆయన లేరు.

అటక మీద దొరికిన గిటార్

మళ్ళీ మెకార్ట్నీ దగ్గరికి వద్దాం. 1972 అక్టోబరులో లండన్‌లోని నాటింగ్ హిల్ ప్రాంతంలో ఆగి ఉన్న వ్యానులోంచి ఆయన పాత హోఫ్నర్ గిటార్‌ను ఎవరో ఎత్తుకుపోయారు. ఏళ్ళు గడిచాయి. 2018లో హోఫ్నర్ సంస్థలో పనిచేసిన ఒకాయన దాన్ని వెతకడం మొదలుపెట్టారు. 2023 సెప్టెంబరులో ఒక పాత్రికేయ దంపతులు తోడయ్యాక ఆ వెతుకులాట కొత్తగా ప్రజల ముందుకు వచ్చింది. వందల కొద్దీ జనం తమకు తెలిసిన ప్రతి చిన్న ఆధారాన్నీ రాసి పంపారు. చివరికి ఇంగ్లండు దక్షిణ తీరంలోని ససెక్స్‌లో ఒక ఇంటి అటక మీద, దాని పాత పెట్టెలోనే దొరికింది. కొంచెం మరమ్మతు అవసరమైంది. 2024 ఫిబ్రవరిలో అది సొంతదారుకు చేరిందన్న వార్త లోకానికి తెలిసింది. ఆ ఏడాది చివరే ఓ2 అరీనాలో మోగింది.

ఒక గిటార్ కోసం దేశమంతా వెతికింది. ఇంకో గిటార్ కోసం అలా వెతికినవారు లేరు. తేడా చెక్కలో లేదు, తీగల్లో లేదు. ఒకదాన్ని జనం కళ్ళతో చూశారు. ఇంకోదాన్ని చెవులతో మాత్రమే విన్నారు. కనబడినదాన్ని వెతకాలని మనకు తోస్తుంది. కనబడకుండా మోసినది పోయిందన్న సంగతే మనకు తెలియదు. ఆ మొదటి గిటార్ సొంతదారే రెండో గిటార్ వాయించినవాడిని ఆదర్శమని పేరుపెట్టి చెప్పడం ఈ కథలో ఊరటనిచ్చే విషయం. పని తెలిసినవాడికి పనివాడి విలువ తెలుస్తుంది.

దావీదు రాయించిన జాబితా

దినవృత్తాంతముల మొదటి గ్రంథం 15వ అధ్యాయాన్ని మనలో చాలామంది వేగంగా తిప్పేస్తాం. అందులో పేర్లే ఎక్కువ. దేవుని మందసాన్ని యెరూషలేముకు తెస్తున్న సందర్భమది. లేవీయుల్లో వాయించేవారిని నియమించమని దావీదు చెప్పాడు. కంచు తాళాలకు ముగ్గురు: హేమాను, ఆసాపు, ఏతాను. స్వరమండలాలకు ఎనిమిదిమంది. ఆ తర్వాత 21వ వచనంలో సితారాలు వాయించడానికి మరో ఆరుగురి పేర్లున్నాయి. వారు వాయించిన పద్ధతికి హెబ్రీలో 'షెమినీత్' అని పేరు. ఎనిమిదవది అని దాని అర్థం. ఒక స్థాయి కింద, మంద్రంగా వాయించడమని చాలామంది పండితుల అభిప్రాయం. 6వ కీర్తన, 12వ కీర్తన శీర్షికల్లో కనిపించేదీ ఆ మాటే.

ఆ అభిప్రాయం ప్రకారం చూస్తే, మందసం ముందు నడిచిన అడుగు స్వరం ఆ ఆరుగురిది. ఆసాపు పేరుతో కీర్తనలే ఉన్నాయి కాబట్టి ఆయన మనకు తెలుసు. ఆ ఆరుగురిలో మిక్నేయాహు అనే ఒకడున్నాడు. బైబిల్ మొత్తంలో ఈ అధ్యాయంలో తప్ప అతని పేరు ఇంకెక్కడా కనబడదు. ఏ పాట రాశాడో, ఎంతకాలం బతికాడో తెలియదు. మంద్ర స్వరం వాయించాడని మాత్రమే తెలుసు. ఆ ఒక్క పనికే పరిశుద్ధ గ్రంథంలో అతని పేరుకు చోటు దొరికింది. ఆరుగురిలోని ఇంకొకడు ఓబేదెదోము ద్వారపాలకుడు కూడా అని 18వ వచనం చెబుతుంది. తలుపు దగ్గర కాపలా కాసే చేతులే సితారా పట్టాయి.

మోటౌన్ సంస్థ వాయించినవారి పేర్లు అచ్చువేయడానికి 12 ఏళ్ళు పట్టింది. దావీదు ఊరేగింపు మొదలుకాకముందే పేర్లు రాయించాడు. దేవుని ఇంట్లో లెక్క అలా మొదలైంది. కొరింథు సంఘానికి రాస్తూ పౌలు చెప్పింది కూడా ఇదే. బలహీనంగా, ఘనత లేనివిగా కనిపించే అవయవాలే శరీరానికి మరీ అవసరమని, లోపమున్నదానికే దేవుడు ఎక్కువ ఘనత ఇచ్చి శరీరాన్ని అమర్చాడని ఆయన వివరించాడు (1 కొరింథీ 12:22-24).

మన ఆరాధనలో

మన పెద్దలు హార్మోనియం, తబలా, కంజీర, తాళాలతో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకున్నారు. పురుషోత్తమ చౌదరి కాలం నుంచి వచ్చిన ఆ సంపద మనది. కీబోర్డులు, డ్రమ్స్, బేస్ గిటార్లు తర్వాత వచ్చాయి. వాటి మోతలో మాటలు మునిగిపోతున్నాయని పెద్దలు అంటే ఆ మాటను తోసిపుచ్చకూడదు. మాటలు వినబడని పాటలో సంఘం ఎలా పాలుపంచుకుంటుంది? అయితే దానికి జవాబు జేమర్సన్ గిటార్‌లోనే ఉంది. మూత కింద నురుగు ముక్క, అరిగిన తీగలు, మోగి వెంటనే ఆగే స్వరం. ఆయన ధ్వని మాటలకు చోటు వదిలేది. గాయకుడు ఊపిరి తీసుకునే చోటే బేస్ ఒక అడుగు వేసేది. ఎంత గట్టిగా మోగిందన్నది బేస్‌కు కొలత కాదు. అది మోగుతుంటే సంఘం ఎంత ధైర్యంగా పాడిందన్నదే కొలత.

ఆరాధన సంగీతంలో ఈ సంగతి తెలిసినవారికి ఉదాహరణ అబ్రహాం లాబొరియెల్. 1947లో మెక్సికోలో పుట్టారు. చిన్నతనంలోనే ఎడమచేతి చూపుడువేలి కొన పోగొట్టుకున్నారు. తీగను నొక్కవలసిన వేలు అదే. అయినా లెక్కలేనన్ని రికార్డింగులకు బేస్ వాయించారు. రాన్ కెనోలీ 1992లో చేసిన 'లిఫ్ట్ హిమ్ అప్' ఆరాధన వీడియోలో ఆయన గిటార్‌తో నవ్వుతూ గంతులు వేయడం చూస్తే, వెనక నిలబడటం చిన్నతనమన్న మాట ఎవరికీ గుర్తురాదు.

బేస్ వాయించే తమ్ముళ్ళకు ఒక మాట. మీరు వాయించింది చాలామందికి విడిగా వినబడదు. పాట బాగుందంటారు, మీ పేరు చెప్పరు. బాధ కలగడం సహజం. బాధ కలిగినప్పుడు తీగ గట్టిగా కొట్టి చూపించాలనిపిస్తుంది. అలా చేసిన రోజున మీరు వినబడతారు, పాట వినబడదు. ఫంక్ మెషీన్ లాంటి మంచి గిటార్ ఉండాలనీ లేదు. ఇతరులకు పనికిరాదనిపించిన గిటార్ మీద ఒక మనిషి ఒక తరానికి నడక నేర్పాడు. ఉన్నదానితో రోజూ సాధన చేయండి. డ్రమ్స్ వాయించే తమ్ముడితో కలిసి కూర్చుని తాళం సరిచూసుకోండి.

సంఘ పెద్దలకు, పాస్టర్‌గార్లకు ఇంకో మాట. క్రిస్మస్ కార్యక్రమం కరపత్రం వేసినప్పుడు, పాట వీడియో పెట్టినప్పుడు వాయించినవారి పేర్లు కూడా వేయించండి. రాత్రి ఉజ్జీవ కూటం ముగిశాక చివరి బస్సు పోతే ఆ కుర్రాడు గిటార్ సంచితో ఇంటికి ఎలా వెళుతున్నాడో కనుక్కోండి. వాయిద్యకారులకు ఇస్తామన్నది ఏదైనా ఉంటే అడిగించుకోకుండా ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, వాయించడం అయ్యాక మనిషిని పలకరించండి. ఇంట్లో ఎలా ఉంది, ఉద్యోగం దొరికిందా, ప్రార్థన చేసుకుంటున్నావా, ఏదైనా అలవాటు లాగుతోందా అని అడిగే పెద్ద ఒకరుండాలి. జేమర్సన్ వేలిని పిలిచినవారు చాలామంది. ఆ వేలు ఏ మనిషిదో అతని దగ్గర కూర్చుని అడిగినవారు తక్కువ. పేరు అచ్చువేస్తే ఆయన తాగుడు మానేవారని ఎవరూ చెప్పలేరు. కానీ దేవుని సంఘానికి పని కావాలి, మనిషి అక్కర్లేదు అనే హక్కు లేదు. గొర్రెలను పేరుపేరున పిలిచే కాపరి మనకున్నాడు (యోహాను 10:3).

ఈ మాట గిటార్ వాయించేవారితోనే ఆగదు. ఆదివారం తెల్లవారుజామున చాపలు పరిచే అక్క, ప్రభురాత్రి భోజనం గిన్నెలు కడిగే పెద్దమ్మ, మైకు తీగ చుట్టి పెట్టే కుర్రాడు, సండే స్కూలు పిల్లలకు కథ చెప్పే టీచరు. వీరంతా అడుగు స్వరాలే. వారు మానేసిన వారం మనకు తెలుస్తుంది. మానకముందే తెలుసుకోవడం ప్రేమ.

వచ్చే ఆదివారం స్తుతి గీతం పాడేటప్పుడు ఒక్క చరణంపాటు కింది తీగను వినడానికి ప్రయత్నించండి. మొదట దొరకదు. డ్రమ్స్‌లోని పెద్ద చప్పుడు వెంట చెవి పెడితే దాని పక్కనే నడుస్తూ దొరుకుతుంది. ఆశీర్వాదం అయ్యాక వెంటనే గుమ్మం వైపు వెళ్ళకండి. వెనక్కి వెళ్ళి, తీగలు తుడుచుకుంటున్న ఆ తమ్ముడికి వందనాలు చెప్పి, పేరు అడగండి. తర్వాతి వారం ఆ పేరుతోనే పిలవండి.